పడవ వాడుకున్నారు, కాగితం ఇవ్వలేదు: ఇప్పుడు ఎవర్ని అడగాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను బాబూ. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీ సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను. మల్కన్‌గిరి జిల్లాలో మోటుకి దగ్గర్లో, శబరి ఒడ్డున మీ ఊరు. పదిహేను నెలల కిందట నక్సలైట్ల కోసం కూంబింగ్‌కి వచ్చిన బలగాలు మీ ఊళ్లో నాలుగు రోజులు మకాం పెట్టాయి. మీ నాన్నగారి ఇంజను పడవ తీసుకెళ్లి, మూడు వారాల తరవాత అడుగు పగిలిపోయి, ఇంజను లేకుండా ఒడ్డున వదిలేశారు. నాలుగు బస్తాల బియ్యం, రెండు మేకలు వాళ్ల వంటకి పోయాయి. మీ తమ్ముడి బైకు ఠాణాలో తుప్పు పడుతోంది. ఆఖరి రోజు అడవంచున కాల్పులు జరిగి మీ ఇంటి వెనక గోడ కూలింది. ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు. ఊళ్లో చదువుకున్న ఒకాయన్ని అడిగితే, "యుద్ధంలో పోయినదానికి గవర్నమెంటు బాధ్యత ఉండదు, వదిలేయండి" అన్నాడు. అది నిజమేనా అని మీ ప్రశ్న.

ఆ మాట మీ నాలుగు వస్తువుల్లో ఒక్క గోడకే వర్తిస్తుంది, అదీ సగమే. మిగతా మూడింటికీ డబ్బు అడిగే హక్కు మీకుంది. కానీ నాలుగింటినీ ఒకే మూట కట్టి "మాకు ఇన్ని లక్షల నష్టం జరిగింది, న్యాయం చెయ్యండి" అని అర్జీ పెడితే నాలుగూ పోతాయి. నేను జయపురం, మల్కన్‌గిరి కోర్టుల్లో ముప్పయ్యొక్కేళ్లు ప్రాక్టీసు చేసి, కళ్లు సహకరించక మానేసినవాణ్ని. ఇలాంటివి నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు ఆ మొదటి అర్జీ దగ్గరే పాడయ్యాయి.

ముందు ఆ "యుద్ధం" సంగతి చూద్దాం. మీ ఊరికి వచ్చింది సైన్యం కాదు. రాష్ట్ర పోలీసుల ప్రత్యేక దళమో, కేంద్ర సాయుధ పోలీసు బలగమో అయ్యుంటుంది. ఈశాన్యంలో, కశ్మీర్‌లో అమలు చేసే సైనిక బలగాల ప్రత్యేకాధికారాల చట్టం ఒడిశాలో అమల్లో లేదు. శాంతిభద్రతలు రాష్ట్రం పని. కేంద్ర బలగాలు వచ్చేది రాష్ట్రానికి సాయంగా మాత్రమే. ఇది అంతర్యుద్ధం అని ఢిల్లీ ఏనాడూ ఒప్పుకోలేదు, ఒప్పుకోదు కూడా. ఒప్పుకుంటే యుద్ధ నియమాలు చెప్పే జెనీవా ఒప్పందాల మాట వస్తుంది, బయటివాళ్లు ప్రశ్నలడుగుతారు. సరే, యుద్ధం కాదన్నారు. మరి పడవ డబ్బు అడిగినప్పుడు మాత్రం "అది యుద్ధం కదా" అంటే ఎలా కుదురుతుంది? రెండు వైపులా పదునున్న కత్తి పట్టుకోనివ్వకూడదు. యుద్ధం కాకపోతే మామూలు చట్టమే వర్తిస్తుంది. మామూలు చట్టం మీకే ఎక్కువ అనుకూలం.

ఆ మామూలు చట్టానికి మొదలు రాజ్యాంగంలోని 300-ఎ అధికరణం. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ లాక్కోకూడదు అంటుంది. 1978 నాటి 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితాలోంచి పోయి ఇక్కడ చేరింది. ఇందువల్ల ఒక తేడా వచ్చింది. ఆస్తి కోసం నేరుగా సుప్రీంకోర్టుకి రిట్ వెయ్యలేరు. కటక్‌లో హైకోర్టుకి వెళ్లొచ్చు. ఆస్తి అంటే భూమే కాదు. పడవ ఆస్తే, మేక ఆస్తే.

ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న: మీ పడవ తీసుకెళ్లడానికి వాళ్లకి అధికారం ఇచ్చిన చట్టం ఏది? ఎన్నికలప్పుడు చూసే ఉంటారు. పోలింగ్ సామాను తీసుకెళ్లడానికి జీపులూ పడవలూ తీసుకుంటారు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 160వ సెక్షన్‌లో వాహనం, పడవ, జంతువు అని పేరుపెట్టి మరీ రాసి ఉంది. ఆ వెంటనే 161లో దానికి పరిహారం కట్టాలనీ ఉంది. వరదలప్పుడు తీసుకుంటే విపత్తు నిర్వహణ చట్టంలో 65, 66 సెక్షన్లు కూడా అలాగే జంటగా ఉంటాయి. అంటే రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి, సక్రమంగా తీసుకున్న పడవకే డబ్బివ్వాలి. అలాంటిది ఏ ఉత్తర్వూ లేకుండా తీసుకున్న పడవకి ఇవ్వక్కర్లేదా? ఈ వాదన నేను కోర్టులో వాడాను. జడ్జిగారు నవ్వారు, కానీ రాసుకున్నారు.

ఇక పడవ. ఇక్కడ మీ నాన్నగారిని కూర్చోబెట్టి ఒక్కటే అడగండి. వాళ్లు "పడవ కావాలి" అంటే ఈయన తాళ్లు విప్పి ఇచ్చారా, లేక ఈయన లేనప్పుడో, వద్దంటున్నా వినకుండానో పట్టుకెళ్లారా? రెండూ ఒకటే అని మీకు అనిపిస్తుంది. తుపాకీ పట్టుకున్నవాడు అడిగితే ఇవ్వనని ఎవడంటాడు? కానీ చట్టంలో ఇవి రెండు వేరు దారులు.

అడిగితే ఇచ్చారనుకోండి. అప్పుడు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ఉంది. ఉచితంగా ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు ఏదైనా ఇస్తే, రెండోవాళ్లు దాన్ని అనుభవిస్తే, అనుభవించినవాళ్లు విలువ కట్టాలి. రాతకోతలు లేకపోయినా సరే. ఇది ప్రభుత్వానికీ వర్తిస్తుందని 1961లో సుప్రీంకోర్టు చెప్పింది. పశ్చిమ బెంగాల్‌లో ఒక కాంట్రాక్టరు సరైన ఒప్పందం లేకుండానే పౌరసరఫరాల శాఖకి షెడ్లు కట్టాడు. ఒప్పందం లేదు కాబట్టి డబ్బు లేదని రాష్ట్రం వాదించింది, కుదరలేదు. మీ పడవని మూడు వారాలు వాడుకున్నారు కాబట్టి రోజుకి ఇంత అని కిరాయి అడగొచ్చు. బియ్యం, మేకలు కూడా ఈ గాటన కట్టొచ్చు. ఈ దారిలో పెద్ద సుఖం ఏమిటంటే ఎవరి మీదా నేరం మోపక్కర్లేదు. దొంగలన్న మాట వాడక్కర్లేదు. "మీకు సాయం చేశాం, డబ్బివ్వండి" అనడమే.

లాక్కెళ్లారు అంటే అది అక్రమంగా స్వాధీనం చేసుకోవడం. పాడైన పడవ, పోయిన ఇంజను విలువ, మూడు వారాల సంపాదన అడగొచ్చు. నోటీసులో రెండు దారులూ "ఇది కాకపోతే అది" అన్నట్టు రాయించండి. నిజం ఏదైతే అదే సాక్ష్యంలో చెప్పండి.

బయటి దేశాల్లో ఎలా ఉందో కాస్త చెప్తాను. ఇది మీ కేసుకి నేరుగా పనికిరాదు గానీ, ఆ ఊరి పెద్దమనిషికి జవాబు. నిజమైన యుద్ధంలో కూడా సైన్యం ఊరికే తినకూడదు అన్నది పాత నియమం. 1907 నాటి హేగ్ నిబంధనల్లో 46 ప్రైవేటు ఆస్తిని జప్తు చెయ్యొద్దంటుంది, 47 దోపిడీ కుదరదంటుంది. ఆక్రమించిన ఊళ్లో సైన్యం అవసరానికి సరుకు తీసుకుంటే నగదు ఇవ్వాలి, లేదంటే రసీదు రాసిచ్చి వీలైనంత త్వరగా కట్టాలి అని 52 చెప్తుంది. శత్రుదేశపు రైతు దగ్గర మేక తీసుకున్నా చీటీ రాసివ్వాలన్నమాట. సొంత దేశపు రైతుకి ఆ చీటీ కూడా రాయలేదు మీ ఊళ్లో.

అమెరికాలో 1851లో ఒక తీర్పు వచ్చింది. మెక్సికో యుద్ధంలో ఒక వ్యాపారి బళ్లూ కంచరగాడిదలూ సరుకూ సైన్యం బలవంతంగా వెంట తీసుకెళ్లింది. తక్షణ ప్రమాదం, ఇంక వేరే దారి లేదు అన్న పరిస్థితి ఉంటేనే అలా తీసుకోవచ్చు, ఇక్కడ లేదు అని చెప్పి ఆ అధికారి సొంతంగా కట్టాలన్నారు. పైవాళ్ల ఆజ్ఞ అన్నా వినలేదు. తరవాత వాళ్ల అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం దక్షిణాదిలో గుర్రాలు, మొక్కజొన్న, చివరికి కంచె కర్రలు కూడా పట్టుకుపోయింది. ప్రభుత్వానికి విధేయులుగా ఉన్నవాళ్లకి కట్టడానికి 1871లో ఒక కమిషన్ పెట్టారు. 22,298 అర్జీలు వచ్చాయి. అడిగింది 6 కోట్ల డాలర్లు పైనే, ఇచ్చింది 46 లక్షల చిల్లర. మిగతాది ఎందుకు పోయిందో చూస్తే కొంతమంది విధేయత రుజువు కాలేదు, కొంతమంది లెక్క రుజువు కాలేదు. లెక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

మీ నోటీసుకి గవర్నమెంటు ప్లీడరు తీసే మొదటి అస్త్రం కస్తూరీలాల్ కేసు. ఇది మీ వకీలు చెప్పేదాకా ఆగకుండా మీరే తెలుసుకోండి, లేకపోతే ఆ పేరు వినగానే గుండె జారిపోతుంది. 1947 సెప్టెంబరులో మీరట్‌లో అమృత్‌సర్‌కి చెందిన ఒక నగల వ్యాపారిని పోలీసులు అనుమానం మీద పట్టుకుని, 103 తులాల పైచిలుకు బంగారం, కొంత వెండి స్వాధీనం చేసుకున్నారు. వెండి తిరిగిచ్చారు. బంగారం మాల్‌ఖానా (పట్టుకున్న సొత్తు దాచే గది) చూసే హెడ్ కానిస్టేబులు పట్టుకుని పాకిస్తాన్ పారిపోయాడు. పోలీసుల అజాగ్రత్త నిజమే అని ఒప్పుకుంటూనే సుప్రీంకోర్టు, అరెస్టూ సోదా జప్తూ సార్వభౌమాధికారంతో, అంటే రాజ్యానికి మాత్రమే ఉండే అధికారంతో, చేసే పనులు కాబట్టి రాష్ట్రం కట్టక్కర్లేదంది. తీర్పు 1964 సెప్టెంబరుది, పుస్తకాల్లో 1965 కేసుగా ఉంటుంది. ఇలా వదిలెయ్యడం బాగాలేదు, చట్టం చెయ్యండి అని ఆ కోర్టే చెప్పింది. 1967లో పార్లమెంటులో బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. ఇవాళ్టికీ లేదు.

ఈ సార్వభౌమం, సార్వభౌమం కానిది అన్న గొడవకి మూలం 1861లో కలకత్తాలో ఉంది. కిద్దర్‌పూర్ డాక్‌యార్డు పనివాళ్లు మోసుకెళ్తున్న ఇనప ముక్క కింద పడి ఒక స్టీమరు కంపెనీ గుర్రం బెదిరి గాయపడింది. అది వ్యాపారం లాంటి పని కాబట్టి ప్రభుత్వం కట్టాలన్నారు. యుద్ధం, రాజ్యాధికారం లాంటి పనైతే వేరే అన్నారు. ఒక గుర్రం బెదిరిన పాపానికి నూట అరవై ఏళ్లుగా మనం అవస్థ పడుతున్నాం.

మరి దీనికి మన జవాబు? ఆ తీర్పుని సుప్రీంకోర్టు పేరుపెట్టి కొట్టెయ్యలేదు గానీ, చుట్టూ తవ్వుకుంటూ వచ్చింది. 1967లో జునాగఢ్ కేసు: కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న ట్రక్కుల్ని అప్పీలు నడుస్తుండగానే అమ్మేశారు. వేరేవాళ్ల వస్తువు దగ్గర పెట్టుకున్నప్పుడు ప్రభుత్వం దాన్ని జాగ్రత్తగా చూడాలి, లేకపోతే కట్టాలి అన్నారు. 1977లో కర్ణాటక నుంచి వెళ్లిన కేసులో దొంగతనం సొత్తు ఠాణా పెట్టెలోంచి మాయమైతే యజమానికి విలువ కట్టమన్నారు. 1994లో మన ఆంధ్రా కేసు, నాగేంద్రరావు అండ్ కంపెనీ. నిత్యావసర సరుకుల చట్టం కింద ఎరువులూ ధాన్యమూ పట్టుకుని, వదిలెయ్యమన్న తరవాత కూడా పాడైపోయేదాకా ఉంచారు. సార్వభౌమం అనే మాట ఇప్పటి కాలానికి సరిపోదని కోర్టు గట్టిగా చెప్పి రాష్ట్రాన్ని కట్టమంది. 2000లో, అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఒకాయన మీద బాంబులేసి చంపిన కేసులో కూడా కస్తూరీలాల్‌ని పక్కన పెట్టారు. ఒడిశాలోనే పుట్టిన నీలబతి బెహరా కేసు 1993ది. కొడుకు పోలీసు కస్టడీలో చనిపోయాడని తల్లి రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని లక్షన్నర ఇప్పించారు. ప్రాథమిక హక్కు దగ్గర సార్వభౌమం సాకు నడవదన్నారు.

అటువైపు వాళ్లకీ కేసులున్నాయి, దాచను. పుస్తకాల్లో 1975 కేసుగా ఉన్నదాంట్లో ఒడిశా హైకోర్టు, సాయుధ పోలీసులు గుంపుని చెదరగొట్టేటప్పుడు తగిలిన దెబ్బలకి రాష్ట్రం కట్టక్కర్లేదంది. అందుకే నేను చెప్పేది: మీ నోటీసులో "ఆపరేషన్‌లో నష్టం" అన్న మాట పడవ పక్కన రాయొద్దు. కాల్పులు జరిగింది ఒక్క రోజు, పడవ వాడింది మూడు వారాలు. మనుషుల్నీ సామాన్నీ అటూ ఇటూ చేరవేసుకోవడం రవాణా. ఎవరైనా చెయ్యగల పని. దాన్ని రాజ్యాధికారం అనడానికి ప్లీడరు చాలా కష్టపడాలి.

బైకు అన్నిటికన్నా సులువు, ముందు అదే చూడండి. ఠాణాకి వెళ్లి ఏ కేసులో పెట్టారో నంబరు అడగండి. పోలీసులు అనుమానం మీద వస్తువు పట్టుకోవచ్చు, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ ఆ అధికారం ఇస్తుంది. కానీ వెంటనే మేజిస్ట్రేటుకి చెప్పాలి. ఇంట్లో సోదా చేస్తే ఊరివాళ్లిద్దరు సాక్షులుండాలి, జాబితా కాపీ ఇవ్వాలి, ఇప్పుడు వీడియో కూడా తియ్యాలి. కేసు నంబరుంటే 497 లేదా 503 సెక్షన్ కింద మేజిస్ట్రేటు ముందు అర్జీ పెట్టి బాండు మీద విడిపించుకోవచ్చు. ఫొటోలు తీసుకుని, పంచనామా రాసుకుని బండి ఇచ్చెయ్యండి, ఠాణా ముందు కుళ్లబెట్టొద్దు అని సుందర్‌భాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పాత సెక్షన్లు 451, 457 అని చెప్తే ముసలి రైటర్లకి తొందరగా తెలుస్తుంది. కేసు నంబరే లేదంటే మరీ మంచిది, ఏ చట్టం కింద పెట్టుకున్నారో వాళ్లే చెప్పాలి. ఒక్క జాగ్రత్త. మీ తమ్ముడి పేరు ఏదైనా కేసులో ముద్దాయిగా ఉందేమో ముందు చూసుకోండి. ఉంటే వకీలు లేకుండా ఠాణా మెట్లు ఎక్కనివ్వకండి.

బియ్యం, మేకల సంగతి త్వరగా అయిపోతుంది. బియ్యం మర పట్టించిన చీటీ, మేకలు ఊళ్లో ఎవరికి తెలుసో ఆ సాక్షులు, వంట ఎక్కడ వండారో చూసినవాళ్లు. చిన్న మొత్తం కాబట్టి కొందరు వదిలేయమంటారు. వదలొద్దు, కలిపి అడగండి. ఈ చిన్న మొత్తాన్నే ముందు ఇచ్చి చేతులు దులుపుకుంటారు చాలాసార్లు. అలా ఇచ్చారంటే ఊళ్లో మకాం ఉన్నామని ఒప్పుకున్నట్టేగా.

ఇక గోడ. మా తాత శ్రీకాకుళం నుంచి రంగం (రంగూన్) వెళ్లి బియ్యపు మిల్లులో పనిచేశాడు. 1942లో జపాన్‌వాళ్లు వస్తున్నారని నడుచుకుంటూ తిరిగొచ్చిన వాళ్లలో ఉన్నాడు. ఊరు విడిచేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నల్లటి పొగ ఆకాశం కమ్మిందనీ, తెల్లవాళ్లే నూనె తగలబెట్టారనీ చిన్నప్పుడు చెప్పేవాడు. లా చదువుతున్నప్పుడు నాకు ఆ పొగ పుస్తకంలో కనిపించింది. శత్రువు చేతికి చిక్కకూడదని బ్రిటిష్ సైన్యం రంగూన్ దగ్గర బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులూ రిఫైనరీ పేల్చేసింది. కంపెనీ స్కాట్లండులో దావా వేసి, అప్పట్లో బ్రిటన్ ఆఖరి కోర్టైన లార్డుల సభలో 1964లో గెలిచింది. వెంటనే 1965లో పార్లమెంటు వెనకటి తేదీ నుంచి వర్తించేలా చట్టం చేసి ఆ గెలుపుని తుడిచేసింది. అమెరికాలో కూడా మనీలాలో కాల్టెక్స్ డిపో పేల్చేసినదానికి 1952లో పైసా ఇవ్వలేదు, సైన్యం వాడుకున్న పెట్రోలుకి మాత్రం కట్టారు. తేడా చూశారా? వాడుకున్నది వేరు, యుద్ధంలో ధ్వంసమైనది వేరు. మీ నాన్నగారి పడవ ఆ పెట్రోలు లాంటిది. గోడ ఆ డిపో లాంటిది. మా తాత వదిలొచ్చిన ట్రంకు పెట్టెకి ఏ కోర్టూ లేదు గానీ, అది వేరే కథ.

కాబట్టి గోడకి దావా వెయ్యమని నేను చెప్పను. ఇంట్లో మనుషులున్నారని తెలిసీ కావాలని కాల్చారని మీ దగ్గర సాక్ష్యం ఉంటే మాట వేరు. నక్సల్ హింసలో నష్టపోయిన పౌరులకి కేంద్ర హోంశాఖ సాయం పథకం ఒకటుంది కానీ అది మరణం, శాశ్వత వైకల్యం కోసం. గోడలకి కాదు. కలెక్టరుకి విడిగా అర్జీ పెట్టండి, ఎక్స్‌గ్రేషియా అడగండి. తహసీల్దారు మనిషి వచ్చి నష్టం రాసుకున్న కాగితం కాపీ ఉంచుకోండి. ఇది అన్యాయం కాదా అంటే, అన్యాయమే. బజారులో సర్కారు రోడ్డు వెడల్పు చేస్తే గోడకి లెక్కకట్టి ఇస్తారు, కాల్పుల్లో కూలితే దయాధర్మం అంటారు. చట్టం ఇంకా అక్కడే ఆగిపోయింది.

ఎవరి మీద వెయ్యాలి అన్నది మీ దగ్గర అసలు చిక్కు. మోటు దగ్గర మూడు రాష్ట్రాలు కలుస్తాయి. వచ్చినవాళ్లు ఒడిశావాళ్లా, ఛత్తీస్‌గఢ్ వైపునుంచి వచ్చారా, ఆంధ్రావాళ్లా, కేంద్ర బలగమా మీకు తెలీదన్నారు. యూనిఫాం ఒకేలా ఉంటుంది, బ్యాడ్జీలు కప్పుకుంటారు, తెలియకపోవడం మీ తప్పు కాదు. నోటీసు అందరికీ ఇవ్వండి. దావా పోలీసు సూపరింటెండెంటు మీదో బెటాలియన్ మీదో కాదు. ఒడిశా రాష్ట్రం, భారత ప్రభుత్వం మీద. సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. రాష్ట్రానికి కలెక్టరు చాలు, కేంద్రానికి సంబంధిత శాఖ కార్యదర్శి, ఇక్కడ హోంశాఖ. అటు పక్క రాష్ట్రం బలగమని తేలితే ఆ రాష్ట్రానికీ. వస్తువు పోయింది మీ ఊళ్లో కాబట్టి దావా మల్కన్‌గిరిలోనే వెయ్యొచ్చు, ఆ రాష్ట్రానికి పరుగెత్తక్కర్లేదు.

ఏ బలగమో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద ఠాణాలో ఆ నాలుగు రోజుల స్టేషన్ డైరీ, మాల్‌ఖానా రిజిస్టరు నకలు అడగండి. కేంద్ర బలగాలు ఈ చట్టం రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి, చెప్పక్కర్లేదంటారు. కానీ మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణ ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. కేంద్ర సమాచార కమిషన్ ఆమోదంతో 45 రోజుల్లో ఇవ్వాలి. 24వ సెక్షన్ అని అర్జీలోనే రాయండి.

గడువుల విషయంలో మీరు కొంత ఆలస్యం చేశారు. మానవహక్కుల కమిషన్లు ఏడాది దాటిన ఫిర్యాదు తీసుకోవు, ఆ తలుపు మూసుకుపోయింది. కేంద్ర బలగాల సొంత చట్టాల్లో జవాన్ల మీద వ్యక్తిగతంగా వేసే కేసులకి మూడు నెలల గడువే ఉంది, అదీ పోయింది. మీకు జవాన్ల మీద కోపం లేదు కాబట్టి ఫర్లేదు. ప్రభుత్వం మీద, అక్రమంగా తీసుకున్న వస్తువుకి, వాడుకున్నదానికి మూడేళ్లు. "చట్టం కింద చేసిన పని, ఏడాదే గడువు" అని వాళ్లు వాదిస్తారు. ఏ చట్టమో చెప్పమనండి. నోటీసు రెండు నెలలు గడువులోంచి మినహాయిస్తారు. అయినా ఆ ధైర్యంతో కూర్చోవద్దు.

ఎంత అడగాలి? ఇక్కడే ఆ అమెరికా కమిషన్ కథ. మా దగ్గరికి ఒకాయన వచ్చాడు, ఊరు పేరొద్దు. ఇంట్లోంచి తొమ్మిది బస్తాల ధాన్యం పోయింది. ఎవరో "ఎలాగూ సగమే ఇస్తారు, ఎక్కువ రాయి" అంటే నాకు చెప్పకుండా నలభై అని రాయించుకొచ్చాడు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి ప్లీడరు ఒక్కటే అడిగాడు: నీ ఇల్లు ఎన్ని గదులు? రెండు. అందులో వంటిల్లు? ఒకటి. మిగిలిన గదిలో నలభై బస్తాలు, ఆరుగురు మనుషులు ఎలా పట్టారు? తొమ్మిది కూడా పోయాయి. కాబట్టి ఇంజను కొన్న బిల్లు, వడ్రంగి చేత ఇప్పుడు రాయించిన మరమ్మతు అంచనా, పడవకి రోజుకి వచ్చే సంపాదన. పంచాయతీ రేవు పాట మీ నాన్నగారిదైతే ఆ రసీదులు బంగారం. పాత ఇంజనుకి కొత్త ధర అడగొద్దు. పడవ ఫొటోలు, ముందటివి, తరవాతవి, ఫోన్‌లో ఉన్నవి తేదీతో సహా భద్రం చెయ్యండి. ఫోన్ మార్చినా పాతది అమ్మకండి.

రిట్ వేస్తే తొందరగా అవుతుందని ఎవరైనా అంటారు. వాళ్లు "మేం తీసుకోలేదు" అంటే హైకోర్టు, సాక్ష్యం కావాల్సిన తగాదా, సివిల్ కోర్టుకి పొమ్మంటుంది. స్టేషన్ డైరీలో పడవ మాట ఉంటే, లేదా మీ అర్జీకి జవాబుగా ఎవరైనా "అవసరార్థం తీసుకున్నాం" అని రాస్తే మాత్రం రిట్ మంచిది. భూముల కేసుల్లో సుప్రీంకోర్టు ఈ మధ్య గట్టిగానే ఉంది. హిమాచల్‌లో 1967 ప్రాంతంలో రోడ్డుకి తీసుకున్న పొలానికి ఒక చదువురాని ముసలావిడకి 2020లో పరిహారం ఇప్పించింది. ఇన్నేళ్లు ఎందుకు అడగలేదన్న వాదన వినలేదు. అదే ఏడాది, బెంగళూరులో 1963 నుంచి రక్షణశాఖ చేతిలో ఉన్న భూమిని మూడు నెలల్లో తిరిగివ్వమంది. ఖర్చు గురించి భయపడకండి. షెడ్యూల్డ్ కులాలు, తెగలవాళ్లకీ, ఆడవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ వకీలుని ఇస్తుంది. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది.

మీరు ఇంకా రెండు సంగతులు రాయాలి. బైకు కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి, పడవ తీసుకెళ్లేటప్పుడు మీ నాన్నగారు అక్కడ ఉన్నారా లేదా. అవి తెలిస్తే నోటీసులో ఏం రాయాలో చెప్తాను. ఒడియాలో రాయించడం మీ వకీలు చూసుకుంటాడు.

ఈలోగా ఎవరైనా ఇంటికొచ్చి బియ్యం, మేకల కింద కొంత డబ్బు ఇస్తామంటే తీసుకోండి, వద్దనకండి. కానీ మీ నాన్నగారికి ఒడియా చదవడం రాదన్నారు కదా, వేలిముద్ర వేసేముందు ఆ కాగితం ఫొటో తీసి ఒడియా వచ్చినవాళ్ల చేత చదివించండి. "నాకు రావలసినదంతా ముట్టింది, ఇక ఏ దావా లేదు" అన్న వాక్యం సాధారణంగా కింద నుంచి రెండో లైనులో ఉంటుంది. దాన్ని కొట్టేయించి, "బియ్యం, రెండు మేకల వరకు మాత్రమే" అని రాయించి, అప్పుడు వెయ్యమనండి.